ఎవలింటికి

కాజీపేట రన్నింగ్ రూములో
బొగ్గు బండి గార్డుకి దక్కేవి
ఎనిమిది గంటల విశ్రాంతి, ఒక దుప్పటి.
పగలు నిద్రపట్టదు నాకు.
దుప్పటి మడత విప్పకుండానే
షేర్ ఆటోలో ఎంజీఎం చౌరస్తా దాకా వచ్చి
అక్కణ్ణించి నడుస్తాను.

కోటకి పోలేదు. వెయ్యి స్తంభాలు లెక్కపెట్టలేదు.
నాకు ఇళ్లు కావాలి,
ఎవరూ టికెట్టు కొని చూడని ఇళ్లు.
గిర్మాజీపేటలో మెట్టుకొక చెప్పుల జత,
దేశాయిపేటలో గేటుకి వేలాడే పాలసంచీ,
గోడ మీద సున్నం కింద ఇంకా కనబడే
ఎప్పటిదో పెళ్లి వాళ్ల పేర్లు.
నల్లా వచ్చే వేళకి వరసకట్టిన బిందెలు.
మా ఇచ్ఛాపురంలో దాన్ని కుళాయంటాం.
నీళ్లకి ఈ సంగతి తెలీదు.

కొత్తవాడలో మగ్గం చప్పుడు వింటూ
మలుపు తర్వాత మలుపు తిరిగాను.
ఒకచోట ఆ చప్పుడు ఆగిపోయింది.
అరుగు మీద, ఒడిలో చాట, చాటలో తునికాకు,
బీడీ చుడుతున్న ముసలామె తలెత్తి అడిగింది:
"ఎవలింటికి?"

మా వైపు ఎవులంటారు. ఇక్కడ ఎవలు.
ఒక్క కొమ్ము తేడా.
ఆ కొమ్ము దగ్గరే దొరికిపోతాను ప్రతిసారీ.

"ఊరికే నడుస్తున్నానమ్మా."
"ఊకెనే ఎవలు నడుస్తరు?
పోలీసోడన్న నడవాలె, ఫైనాన్సోడన్న నడవాలె."

వెనక వీధిలో చూసిన నేమ్‌ప్లేటు గుర్తొచ్చింది.
"సారయ్యగారింటికి" అన్నాను.
"ఏ సారయ్య?
నల్లాల సారయ్యనా, బ్యాండు సారయ్యనా,
మొన్న కార్తీకంల పోయిన సారయ్యనా?"

బతికున్నవాడైతే నువ్వెవరంటాడు.
మూడో సారయ్యని ఎంచుకున్నాను.

"అరేయ్ చింటూ, సారును తోల్కపోయి దించిరా!"
చెయిన్ ఊడిన సైకిల్ నెట్టుకుంటూ
వాడు ముందు, నా అబద్ధం వెనక,
మేమిద్దరం మోరీ బండల మీద అడుగులేస్తూ పోయాం.

మగ్గం గుంత మీద చెక్కలు పరిచి
కుట్టుమిషను పెట్టుకుందామె.
పేరు ఉపేంద్రమ్మ. చింటూయే చెప్పాడు.
మా వైపు ఉపేంద్ర మగవాళ్ల పేరు.
మంచినీళ్ల చెంబు నా చేతికిచ్చి
నేను తాగడం అయ్యేదాకా చూసి
మెల్లగా అడిగింది:
"ఆయన నీకేమన్న బాకీ ఉన్నడా?"

"లేదమ్మా."

అప్పుడు దిగాయి ఆమె భుజాలు.
ఆ తర్వాతే స్టవ్వు వెలిగింది.

"సూరత్‌ల కలిసి పనిచేసిండ్రా? భివండిలనా?"
తలాడించాను.
అది అవునో కాదో నా మెడకే తెలీదు.
ఆమె భివండి అనుకుంది.
గోడకి చుట్టిపెట్టిన జంపఖానా తెచ్చి పరిచింది,
ఎరుపు, నీలం, మళ్లీ ఎరుపు,
నీలం సగంలో ఆగింది.
"ఈడిదాంక నేసిండు. కొనేటోడు సగానికి పైసలిస్తనంటె
నేనే ఇయ్యలే."

చాయ్‌లో అల్లం ఎక్కువైంది. నాలుక మండింది.
గ్లాసు ఖాళీ అయ్యేలోపు చెప్పేశాను:
నాకు ఆయన తెలీదు,
నేను నడుస్తున్నాను, అంతే.
ఆమె సూది కింద గుడ్డ సర్దింది.
"గట్లనా" అంది.
మిషను తిరిగింది. ఒక జాకెట్టు చెయ్యి పూర్తయింది.
"మల్లొస్తే ఎదురుంగ ఉన్న దుకాణంల
తెల్లదారం ఉండ ఒకటి పట్కరా. నా కాళ్లు లేస్తలేవు."

నాలుగూ పదికి బండి.
బ్రేక్‌వ్యాన్‌లో నిలబడి పచ్చజెండా ఊపాను.
వ్యాగన్లు కదిలేలోపు
ఎన్నో నంబరు దారమో అడగలేదని గుర్తొచ్చింది.

పన్నెండు రోజుల తర్వాత
అదే చౌరస్తాలో దిగాను.
నిజానికి ఆవేళ పక్క వీధి చూద్దామనే వచ్చాను.
ముసలామె తంబాకు మీంచి తలెత్తలేదు,
ఎవలింటికని అడగలేదు.
"పొద్దు గుంకినంక వస్తవా?
మిషను కాడనే ఉన్నది, పో" అంది.

జేబులో మూడు నంబర్ల దారం ఉండలు.